టేపులు బాగానే ఉన్నాయి, చదివే డ్రైవే లేదు: ఒక రికవరీ కేసు

సోమవారం పొద్దున్న ఏడున్నరకి ఫోన్ మోగింది. "సార్, ఫైళ్ల పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు వచ్చాయి. ఏదీ ఓపెన్ కావట్లేదు. బ్యాకప్ బాక్సులోనూ అంతే."

ఫోన్ చేసింది ఒక ఇంజనీరింగ్ డిజైన్ సంస్థ ఐటీ అడ్మిన్. రెండేళ్లుగా వాళ్లకి స్టోరేజీ విషయంలో అప్పుడప్పుడు సలహాలిస్తున్నాను. ఏళ్ల తరబడి పోగుపడ్డ డ్రాయింగులు, స్కాన్లు, లెక్కల షీట్లే ఆ సంస్థ ఆస్తి. ఆదివారం రాత్రి ర్యాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాం) దూరి ఫైల్ సర్వర్‌ని, అదే నెట్‌వర్క్‌లో ఉన్న డిస్క్ బ్యాకప్‌ని, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్‌ని మూడింటినీ ఒకే దెబ్బకి ముంచేసింది.

"టేపులు ఎక్కడున్నాయి?" అన్నాను.

"ఒకటి డ్రైవ్‌లో ఉంది సార్. ఈ మధ్యవి బీరువాలో ఉన్నాయి. బాగా పాతవి రెండో బిల్డింగ్ రికార్డు రూములో."

"డ్రైవ్‌కి కరెంటు తీసెయ్. బీరువా తాళం నీ దగ్గరే పెట్టుకో. నేను వచ్చేదాకా ఏ టేపునీ ఎందులోనూ పెట్టొద్దు."

బ్యాకప్ టేపుల డబ్బాలు, అంటే కాట్రిడ్జ్‌లు, మొత్తం 40. వాటిలో ఒక్కదాని అయస్కాంత పూత కూడా పాడవలేదు. అయినా మాకు తొమ్మిది రోజులు పట్టింది, కొంత డేటా పోయింది. ఆ తొమ్మిది రోజుల్లో నాలుగు రోజులు నేరుగా నా ఖాతాలో పడతాయి. ఈ కేసు రాయడానికి కారణం అదే.

నేను అడగని ప్రశ్న

ఈ రంగంలో లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇప్పుడు సంస్థలు ఎక్కువగా వాడేది ఎల్‌టీఓ టేప్. అరచేతిలో పట్టేంత చదరపు డబ్బా, లోపల ఒకే ఒక్క చక్రం, దానికి చుట్టిన అర అంగుళం వెడల్పు టేప్. పాత ఆడియో క్యాసెట్టులా రెండు చక్రాలుండవు. రెండో చక్రం డ్రైవ్ లోపల ఉంటుంది. మొదటి తరం 2000లో వచ్చింది, 100 జీబీ పట్టేది. 2010లో వచ్చిన ఎల్‌టీఓ-5లో 1.5 టీబీ, 2012 నాటి ఎల్‌టీఓ-6లో 2.5 టీబీ, 2017 నాటి ఎల్‌టీఓ-8లో 12 టీబీ పడతాయి. ఇవన్నీ కంప్రెషన్ కలపని లెక్కలు. డబ్బా మీద రెండు, రెండున్నర రెట్లు పెద్దగా అచ్చేసిన అంకె కంప్రెషన్ కలిపినది, దాన్ని నమ్మి కొనుగోలు లెక్క వేసుకోకండి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, ఫొటోలు అంతగా కుదించుకుపోవు.

రెండేళ్ల కింద ఈ సంస్థ వాళ్ల ఎల్‌టీఓ-6 డ్రైవ్ పాడైంది. ఏది కొనాలని నన్ను అడిగారు. "వారానికి ఎంత డేటా బ్యాకప్ తీస్తారు?" అని అడిగాను. తొమ్మిది టీబీ అన్నారు. ఎల్‌టీఓ-8 తీసుకోండి, ఒక్క కాట్రిడ్జ్‌లో పట్టేస్తుంది, రాత్రికి రాత్రే అయిపోతుంది అన్నాను. లెక్క సరిగ్గానే ఉంది. కానీ "పాత టేపులు ఏ తరానివి, ఎన్ని ఉన్నాయి?" అని అడగలేదు.

ఎల్‌టీఓ-7 దాకా ఒక సంప్రదాయం నడిచింది. ఏ డ్రైవైనా తన తరం, అంతకు ముందు రెండు తరాల టేపులు చదివేది, ఒక తరం వెనక్కి రాసేది. ఎల్‌టీఓ-8తో ఆ సంప్రదాయం తెగింది. అది 7, 8 తప్ప ఇంకేదీ ముట్టదు. ఎల్‌టీఓ-9 కూడా అంతే, 8, 9 మాత్రమే. 2025లో వచ్చిన ఎల్‌టీఓ-10 ఇంకో అడుగు ముందుకేసి తన తరం టేపులు తప్ప ఇంకేవీ చదవనంది. ఇవన్నీ తెలిసి కూడా ఆ రోజు నోరు విప్పి అడగలేదు. రికార్డు రూములో 13 ఎల్‌టీఓ-5 టేపులు, 21 ఎల్‌టీఓ-6 టేపులు ఉన్నాయి. వాటిలో 31 టీబీ పాత ప్రాజెక్టులు. పాడైన డ్రైవ్‌ని వాళ్లు తుక్కు కింద ఇచ్చేశారు.

దీనికి తోడు ఇంకొకటి జరిగింది. పూర్తయిన ప్రాజెక్టులు ఫైల్ సర్వర్‌లో వేరే వాల్యూమ్‌లో ఉండేవి. వారపు బ్యాకప్ ఒకే కాట్రిడ్జ్‌లో పట్టాలి కాబట్టి, "అవి ఎలాగూ పాత టేపుల్లో ఉన్నాయి కదా" అని ఆ వాల్యూమ్‌ని బ్యాకప్ నుంచి తప్పించారు. గత రెండేళ్లలో పూర్తయినవి ఇంకా అటు మార్చలేదు, అది వట్టి అదృష్టం.

డ్రైవ్‌లో ఉన్న టేప్

ముందు శుభ్రమైన కంప్యూటర్ ఒకటి కావాలి. పాడైన సర్వర్ దగ్గరికి టేప్‌ని తీసుకెళ్లడమంటే దొంగ ఇంట్లో ఉండగానే నగలు బయట పెట్టడం. కొత్త డిస్కులు వేసి, లినక్స్ ఇన్‌స్టాల్ చేసి, నెట్‌వర్క్ కేబుల్ పెట్టకుండా డ్రైవ్‌ని దానికి కలిపాం. ప్రతి కాట్రిడ్జ్‌కీ రైట్ ప్రొటెక్ట్ మీటని తాళం బొమ్మ వైపు జరిపాకే చేతిలోకి తీసుకోవాలని నియమం పెట్టాను. ఎందుకింత చాదస్తం అని అడ్మిన్ అడగలేదు కానీ చూపు మాత్రం అలాగే ఉంది. టెన్షన్‌లో ఉన్న మనిషి ఒక్క తప్పు కమాండ్ కొడితే చాలు, ఉన్నది కాస్తా పోతుంది.

డ్రైవ్‌లో ఉన్న టేప్ శుక్రవారం రాత్రి రాసినది. చదివించి చూస్తే మొదట్లోనే "డేటా అయిపోయింది" అంది. ప్రతి ఎల్‌టీఓ కాట్రిడ్జ్‌లోనూ ఒక చిన్న చిప్ ఉంటుంది. తాకకుండానే డ్రైవ్ దాన్ని చదువుతుంది. ఆ టేప్ మీద ఇప్పటిదాకా ఎంత రాశారో, ఎన్నిసార్లు ఎక్కించారో అందులో నమోదవుతుంది. చిప్ ప్రకారం అది టెరాబైట్ల కొద్దీ రాయించుకున్న టేప్. డ్రైవ్ ప్రకారం ఖాళీ. అంటే ఎవరో బ్యాకప్ కన్సోల్‌లోకి వెళ్లి త్వరిత ఎరేజ్ కొట్టారు. ఇది క్షణాల పని. టేప్ మొదట్లో "ఇక్కడితో అంతం" అని ఒక గుర్తు రాస్తుంది, అంతే. దాని వెనకాల డేటా భౌతికంగా అలాగే ఉంటుంది, కానీ మామూలు డ్రైవ్ ఆ గుర్తు దాటి ముందుకు పోదు.

టేప్ ఆఫ్‌లైన్ కాబట్టి సురక్షితం అని అందరం అంటుంటాం. బీరువాలో ఉన్న టేప్ ఆఫ్‌లైన్. డ్రైవ్‌లోనో, టేపుల్ని రోబో చేత్తో మార్చే లైబ్రరీ యంత్రం అరల్లోనో ఉన్న టేప్ కాదు. అడ్మిన్ పాస్‌వర్డ్ చేతికి చిక్కినవాడు రోబో చేతిని కూడా ఆడించగలడు. వాళ్లకి పోయింది ఒక్క కాట్రిడ్జే. అదే 24 అరల లైబ్రరీ అయ్యుంటే 24 టేపులూ వరసపెట్టి ఎక్కేవి, ఖాళీ అయి దిగేవి.

అంతకు ముందు శుక్రవారం టేప్ బీరువాలో భద్రంగా ఉంది. వారం రోజుల పని నష్టం. ఎండీ గారు ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, "వారమే కదా, కూర్చుని మళ్లీ చేస్తాం" అన్నారు. ఆ క్షణంలో ఆయన మీద గౌరవం పెరిగింది.

చప్పుడు విని పట్టుకున్న సమస్య

ఎల్‌టీఓ-8 డ్రైవ్ సెకనుకు 360 ఎంబీ ఇస్తుంది. 9 టీబీకి ఏడు గంటలు. పొద్దున్నకల్లా అయిపోతుందనుకుని మొదలుపెట్టి అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

డ్రైవ్ బాగా నడుస్తుంటే ఒకే స్థాయిలో సన్నగా ఈల వేసినట్టు చప్పుడొస్తుంది. ఇది అలా లేదు. ఈల, టక్కున ఆగడం, వెనక్కి గిర్రున తిరగడం, మళ్లీ ఈల. పది పదిహేను సెకన్లకోసారి ఇదే వరస. దీన్ని మా వాళ్లు షూ షైనింగ్ అంటారు, బూటుకి గుడ్డ అటూ ఇటూ లాగి పాలిష్ పట్టినట్టు టేప్ ముందుకీ వెనక్కీ పోతుంది కాబట్టి. డేటా ఇచ్చేవైపు గానీ పుచ్చుకునేవైపు గానీ నెమ్మదిస్తే డ్రైవ్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది. ఒక హద్దు దాటాక ఇక తగ్గలేదు, పూర్తిగా ఆగాలి. వేగంలో ఉన్న టేప్ ఉన్నచోటే ఆగలేదు కదా, కొంచెం ముందుకి పోయి ఆగుతుంది. మళ్లీ వెనక్కొచ్చి, పరుగు అందుకుని, ఆగిన చోటు నుంచి మొదలుపెట్టాలి. సమయం వృథా, టేప్‌కీ, దాన్ని చదివే హెడ్‌కీ అరుగుదల.

లెక్క చూస్తే సెకనుకు 70 ఎంబీ వస్తోంది. అలా సాగితే రోజున్నర. లోపం డ్రైవ్‌ది కాదు, డేటా పుచ్చుకునే కొత్త డిస్కులది. అప్పుడే కట్టిన రెయిడ్ (ఒకటిగా పనిచేసే డిస్కుల గుంపు) వెనకాల తన పని తాను చేసుకుంటోంది, డిస్కులన్నిటినీ మొదట్నుంచి చివరిదాకా సిద్ధం చేసే పని. దాన్ని కంట్రోలర్‌లో తాత్కాలికంగా ఆపేశాం. అప్పటికి మూడు గంటలు గడిచిపోయాయి. ఆ తర్వాత 210 దగ్గర నిలబడింది, ఈల కుదురుకుంది. మొత్తం 14 గంటలు.

ఈ లక్షణం వారం వారం రాసేటప్పుడూ ఉండేదని తర్వాత తెలిసింది. సర్వర్ నుంచి బ్యాకప్ యంత్రానికి 1 జీబీపీఎస్ కేబుల్. దాని గరిష్ఠం సెకనుకు 125 ఎంబీ, చేతికొచ్చేది ఇంకా తక్కువ. 360 తాగగల డ్రైవ్‌కి చెంచాతో పోసినట్టు. రెండేళ్లుగా ప్రతి శుక్రవారం రాత్రీ ఆ డ్రైవ్ అలాగే ముందుకీ వెనక్కీ ఊగుతోందన్నమాట. సర్వర్ గదిలో ఏసీ హోరులో ఎవరి చెవినా పడలేదు.

వెనక్కి తెచ్చిన ఫైళ్లని యాంటీవైరస్‌తో వడపోసి, బుధవారం ఉదయానికి ఆఫీసు నడిచేలా చేశాం. దాంతో సగం కేసు అయిపోయింది.

డ్రైవ్ వేట

మిగతా సగం 34 పాత టేపులు. ఎల్‌టీఓ-5నీ 6నీ చదవాలంటే ఎల్‌టీఓ-6 గానీ 7 గానీ కావాలి. 7 అయితే మేలనుకున్నాను. అది 5, 6, 7 మూడూ చదువుతుంది, పైగా అది రాసిన టేపుని వీళ్ల ఎల్‌టీఓ-8 కూడా చదవగలదు. సోమవారం నుంచే ఫోన్లు మొదలుపెట్టాను. సెకండ్ హ్యాండ్ డ్రైవ్ అంటే హెడ్ ఎంత అరిగిందో తెలియకుండా తీసుకోకూడదు. డ్రైవ్ తన లాగ్ పేజీల్లో ఎన్ని గంటలు పని చేసిందో, క్లీనింగ్ ఎన్నిసార్లు అడిగిందో దాచి ఉంచుతుంది. ఆ లాగ్ పంపించండి అంటే సగం మంది మళ్లీ ఫోన్ ఎత్తలేదు. గురువారం సాయంత్రానికి నమ్మదగ్గది ఒకటి చేతికొచ్చింది. ఆ నాలుగు రోజులే నా ఖాతాలోవి.

పాత టేపుల్ని బుధవారమే తెప్పించి సర్వర్ గదిలో పెట్టి, 24 గంటలు కదపొద్దన్నాను. రికార్డు రూమ్ చల్లగా ఉంటుంది. చల్లటి వస్తువుని వెచ్చటి గాలిలోకి తెస్తే చెమ్మ పడుతుంది. టేప్ కూడా ఉష్ణోగ్రతని బట్టి వెంట్రుకవాసి సాగుతుంది, కుంచించుకుంటుంది. ఎల్‌టీఓ-8లో ఆ అర అంగుళం మీద 6,656 ట్రాకులు ఇరికించారు. పాతవాటిలో అంతకంటే తక్కువే అయినా ఆ వెంట్రుకవాసి తేడా వాటికీ లెక్కే. "ఒక రోజంతా ఊరికే కూర్చోబెడతారా?" అని ఎండీ గారు మొదటిసారి విసుక్కున్నారు. డ్రైవ్ రాకపోవడం వల్ల ఆ వాదన పెట్టుకునే అవసరం లేకపోయింది.

కవర్లో కీ

ఎల్‌టీఓ-5 టేపులు ఎన్‌క్రిప్ట్ కాలేదు, అంటే వాటి డేటాకి రహస్య కీతో తాళం వేయలేదు. 21 ఎల్‌టీఓ-6 టేపులు అయ్యాయి. ఎల్‌టీఓ-4 నుంచి ఈ ఎన్‌క్రిప్షన్ డ్రైవ్‌లోనే జరుగుతుంది, ఏఈఎస్-256 పద్ధతిలో. వేగం ఏమాత్రం తగ్గదు. టేప్ ఎక్కడైనా పోయినా డేటా పరులు చదవలేరన్న ధీమా ఉంటుంది. కీ పోతే మాత్రం ఆ డేటా దొంగకీ లేదు, మనకీ లేదు. ఇంకో సంగతి, తప్పు కీ ఇస్తే అర్థంకాని చెత్త రాదు. డ్రైవ్ అసలు ఇవ్వనంటుంది. ఆ నిరాకరణే మాకు తర్వాత సాయపడింది.

కీ బ్యాకప్ సర్వర్‌లో ఉండేది. ఆ సర్వర్ ఇప్పుడు ర్యాన్‌సమ్‌వేర్ చేతిలో ఉంది. ఇంటి తాళం ఇంట్లోనే పెట్టి తలుపేసుకున్నట్టయింది. సాఫ్ట్‌వేర్ పాస్‌ఫ్రేజ్ నుంచి కీ తయారు చేస్తుంది కాబట్టి ఆ పాస్‌ఫ్రేజ్ తెలిస్తే చాలు. అది పెట్టినాయన రిటైరై మూడేళ్లయింది. నంబరు సంపాదించి ఫోన్ చేశాం.

"నాకేం గుర్తుంటుంది నాయనా," అన్నారాయన. "కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, అంటించి, అకౌంట్స్ మేడమ్‌కి ఇచ్చాను. సంతకం కూడా తీసుకున్నాను."

అకౌంట్స్ మేడమ్ లాకర్ తీశారు. చెక్కుబుక్కుల కింద కవరు ఉంది. సీలు మీద తారీఖు, ఇద్దరి సంతకాలు. లోపల ఎర్ర ఇంకుతో ఇరవై అక్షరాల వరస. మూడో అక్షరం సున్నానా, ఇంగ్లిష్ ఓ అక్షరమా? పదకొండోది ఒకటా, చిన్న ఎల్లా? ఎవరికీ తేలలేదు. రెండు అనుమానాలకి నాలుగు కలయికలు. మొదటి రెండిటికీ డ్రైవ్ కాదంది. మూడోదానికి టేప్ ఈల వేసుకుంటూ కదిలింది. ఇన్నేళ్లలో నేను చూసిన భద్రతా ఏర్పాట్లన్నిటిలోకీ ఆ కవరే గొప్పది. ఆయన సున్నాకి అడ్డగీత ఒకటి పెట్టి ఉంటే ఇక తిరుగుండేది కాదు.

క్యాటలాగ్ సంగతి క్లుప్తంగా చెప్తాను. ఏ ఫైలు ఏ టేపులో ఎక్కడుందో చెప్పే ఆ పట్టిక కూడా పోయిన సర్వర్‌లోనే ఉండేది. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ట్రయల్ లైసెన్సుతో దించుకుని, పాత ఫార్మాట్ చదువుతుందని సపోర్ట్ వాళ్లని అడిగి ఖాయం చేసుకుని, టేపుల్ని ఒక్కొక్కటీ ఎక్కించి క్యాటలాగ్ మళ్లీ కట్టించాం. ఓపిక పని తప్ప తెలివి పని కాదు. బార్‌కోడ్ లేబుళ్లు చక్కగా ఉండడం, చివర "ఎల్5", "ఎల్6" అని తరం అచ్చేసి ఉండడం చాలా కలిసొచ్చింది.

పిన్ను ఊడిన టేప్

తొమ్మిదో నంబరు ఎల్‌టీఓ-6 కాట్రిడ్జ్‌ని ఎత్తగానే లోపల ఏదో గలగలమంది. అలాంటిదాన్ని డ్రైవ్‌లో పెట్టకూడదు. మూల దగ్గరుండే చిన్న తలుపుని వేలితో జరిపి టార్చ్ వేశాను. టేప్ మొదటి కొసకి సన్నటి లోహపు కడ్డీ ఒకటి తగిలించి ఉంటుంది, లీడర్ పిన్ అంటారు. మామూలుగా అది తలుపు వెనకాల రెండు స్ప్రింగు క్లిప్పుల మధ్య నిటారుగా నిలబడి ఉంటుంది. డ్రైవ్ లోపలి కొక్కెం దాన్ని పట్టుకుని టేప్‌ని బయటికి లాగి తన చక్రానికి చుట్టుకుంటుంది. ఈ కాట్రిడ్జ్‌లో ఆ చోటు బోసిగా ఉంది. కడ్డీ టేప్ నుంచి ఊడి లోపలెక్కడో దొర్లుతోంది. ఎప్పుడో చేతిలోంచి జారిపడి ఉంటుంది. పెట్టె మీద ఒక మూల సొట్ట ఉంది, దాన్ని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు.

లీడర్ పిన్‌ని తిరిగి తగిలించే కిట్ దొరుకుతుంది. చేతులు వణక్కుండా, టేప్‌ని మొదటి కొస దగ్గర తప్ప ముట్టకుండా చేయాలి. గంటన్నర పట్టింది. అలా బాగుచేసిన కాట్రిడ్జ్‌ని ఒకే ఒక్కసారి, డేటా దించుకోవడానికి మాత్రమే వాడాలి. దించుకున్నాం. కాట్రిడ్జ్ మీద అడ్డంగా గీత కొట్టి పక్కన పెట్టాం.

పదిహేడో నంబరు

దీన్ని మాత్రం కాపాడలేకపోయాం.

ఒక పెద్ద ప్రాజెక్టులో ఐదు రోజుల సర్వే స్కాన్లని సాఫ్ట్‌వేర్‌తో కాకుండా ఒక చిన్న స్క్రిప్టుతో రోజుకొకటి చొప్పున ఈ టేపు మీద వరసగా రాశారు. అంటే, రాశామనుకున్నారు. లినక్స్‌లో ఒకే టేప్ డ్రైవ్‌కి రెండు పేర్లుంటాయి, "ఎస్‌టీ0", "ఎన్‌ఎస్‌టీ0". మొదటి పేరుతో రాస్తే పని కాగానే టేప్ వెనక్కి చుట్టుకుని మొదటికొస్తుంది. రెండోదానితో రాస్తే ఆగిన చోటే ఉంటుంది. ముందు ఒక "ఎన్" అక్షరం, అంతే తేడా. స్క్రిప్టులో ఆ ఎన్ లేదు. ప్రతి రోజూ రాయడం, వెనక్కి చుట్టుకోవడం, మర్నాడు దాని మీదే మళ్లీ రాయడం. ఐదు రోజులూ "విజయవంతం" అనే వచ్చింది. చివరికి టేపులో ఐదో రోజుదే మిగిలింది.

మొదటి నాలుగు రోజుల్లో ఏదైనా ఐదో రోజుకంటే పొడవుగా రాసి ఉంటే దాని తోక టేప్ మీద ఇంకా ఉండొచ్చు. కానీ అంతం గుర్తు దాటి మామూలు డ్రైవ్ పోదని ముందే చెప్పాను. రికవరీ ల్యాబ్‌కి పంపుదామా అంటే, దొరికినా ముక్కలే దొరుకుతాయి, వద్దన్నారు. క్లయింట్ దగ్గర రెండు రోజుల స్కాన్ల ప్రతులు దొరికాయి. మిగతా రెండు రోజులవి పోయినట్టే. ఆ స్క్రిప్టు రాసినప్పుడే ఒక్కసారి వెనక్కి తీసి చూసుకుని ఉంటే మొదటి రోజే బయటపడేది.

మంగళవారం సాయంత్రానికి చదవడం పూర్తయింది.

తర్వాత మార్చినవి

31 టీబీని మూడు ఎల్‌టీఓ-8 కాట్రిడ్జ్‌ల మీదికి ఎక్కించాం. 34 డబ్బాలు మూడయ్యాయి. రెండు ప్రతులు తీశాం, రెండూ వేర్వేరు బ్యాచ్‌ల కాట్రిడ్జ్‌ల మీద. బయట లేబుల్ ఎవరిదైనా ఈ తరం టేప్ తయారు చేసేది ఫుజీఫిల్మ్, సోనీ రెండే, కాబట్టి బ్రాండు మారిస్తే తయారీదారు మారినట్టు కాదు. ఈ ఆర్కైవ్‌కి ఎల్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ వాడాం. టేప్‌ని రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో ఫైళ్ల పట్టికని టేపు మీదే ఉంచే పద్ధతి ఇది. ఎల్‌టీఓ-5 నుంచీ ఉంది. రేపు ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతపడినా పెన్ డ్రైవ్‌లా తెరుచుకుని చూసుకోవచ్చు. వారపు బ్యాకప్‌కి మాత్రం బ్యాకప్ సాఫ్ట్‌వేరే ఉంచాను. లక్షల చిన్న ఫైళ్లు రోజూ మారే చోట ఎల్‌టీఎఫ్‌ఎస్ ఈడ్చుకుంటూ నడుస్తుంది.

రాసిన ప్రతి ఫైలుకీ చెక్‌సమ్ (ఫైలు ఏమాత్రం మారినా తేడా చూపే లెక్క) తీసి, టేప్ నుంచి మళ్లీ చదివి పోల్చాం. ఎల్‌టీఓ డ్రైవ్ రాస్తూనే వెనకాల హెడ్‌తో చదివి సరిచూసుకుంటుంది, అది నిజమే. కానీ తనకిచ్చినదాన్ని సరిగ్గా రాశానా అని మాత్రమే అది చూస్తుంది. మనం తప్పు ఫోల్డర్ ఇస్తే ఆ తప్పు ఫోల్డర్‌నే నిక్షేపంగా రాసిపెడుతుంది.

వారపు బ్యాకప్ ఇప్పుడు ముందు ఒక డిస్కు మీదికొచ్చి, అక్కడి నుంచి టేప్‌కి వెళుతుంది. చెంచాతో పోయడం తప్పింది, ఈల ఒకే స్థాయిలో వినిపిస్తోంది. టేప్ రాయడం అవగానే డ్రైవ్ దాన్ని బయటికి తోసేస్తుంది. శనివారం ఉదయం డ్యూటీలో ఉన్నవాళ్లు దాన్ని బీరువాలో పెట్టి రిజిస్టరులో సంతకం చేయాలి. నెలకొకటి వార్మ్ కాట్రిడ్జ్ మీద రాస్తున్నాం. ఒక్కసారి రాశాక దాన్ని తుడపడం గానీ దాని మీద మళ్లీ రాయడం గానీ ఏ కన్సోల్ నుంచీ కుదరదు. ఎల్‌టీఓ-3 నుంచి ఉన్న సదుపాయమే, వాడేవాళ్లే తక్కువ.

కవరు పద్ధతిని అలాగే ఉంచాను. ఇప్పుడు రెండు కవర్లు, రెండు చోట్ల. పాస్‌ఫ్రేజ్‌ని చేత్తో కాకుండా సున్నాకి అడ్డగీత ఉండే అక్షరాల్లో ప్రింటు తీశాం.

పాత 34 కాట్రిడ్జ్‌లని డీగాస్ చేసి, అంటే బలమైన అయస్కాంతంతో తుడిచేసి, మళ్లీ వాడుకోవచ్చు కదా అని అడ్మిన్ అడిగాడు. కుదరదు. హెడ్‌కి దారి చూపే సర్వో గుర్తుల్ని ఫ్యాక్టరీలోనే టేప్ మీద రాస్తారు. డీగాసర్ డేటాతో పాటు వాటినీ తుడిచేస్తుంది. ఆ తర్వాత అది ఏ డ్రైవూ గుర్తుపట్టని ప్లాస్టిక్ డబ్బా. ఎన్‌క్రిప్ట్ కాని 13 టేపుల్ని ముక్కలు చేయించాం. పదిహేడో నంబరు మాత్రం, ఎండీ గారి మాట మీద, బీరువా పై అరలో ఉంది.

మూడు నెలలకోసారి రిస్టోర్ పరీక్ష పెట్టాం. ఏ ఫైలు వెనక్కి తేవాలో ఐటీ వాళ్లు ఎంచుకోకూడదు, అకౌంట్స్ మేడమ్ చెబుతారు. మొదటి పరీక్షకి ఆవిడ అడిగింది ఎనిమిదేళ్ల నాటి ఒక స్కాన్. తేవడానికి నాలుగు గంటలు పట్టింది. మూడోసారికి యాభై నిమిషాలకి దిగింది. అందులో ఇరవై నిమిషాలు బీరువా తాళం ఎవరి దగ్గరుందో వెతకడానికే పోయాయి. తాళం ఎవరి దగ్గరుంటే వాళ్ల పేరు ఇప్పుడు రిజిస్టరు మొదటి పేజీలో ఉంటుంది.

రెండో డ్రైవ్ కొనే విషయం మాత్రం ఇంకా తేలలేదు. ఉన్న ఎల్‌టీఓ-8 ఒక్కటీ పాడైతే మళ్లీ నాలుగు రోజుల వేట తప్పదని లిఖితపూర్వకంగా ఇచ్చాను. వచ్చే బడ్జెట్లో చూద్దామన్నారు.